పోర్ట్ ఒక్కటే.. కేబుల్ మాత్రం ఒక్కటి కాదు! అన్ని ఫోన్లకూ టైప్-సి వచ్చినా ఛార్జింగ్ ఎందుకు స్లో అవుతోంది?

ఇంట్లో నాలుగు ఫోన్లు.. నాలుగింటికీ ఒకే రకం ఛార్జింగ్ పోర్ట్. ఇలా ఉంటే ఎంత బాగుంటుందో అని కొన్నేళ్ల క్రితం అందరం అనుకున్నదే. ఇప్పుడు నిజంగానే అలా అయింది. కానీ దాంతో పాటే కొత్త తలనొప్పి కూడా వచ్చింది. ఒకరి కేబుల్ ఇంకొకరి ఫోన్‌లో చక్కగా దూరుతోంది, ఛార్జింగ్ మాత్రం ఎక్కట్లేదు. గంటలోపు నిండాల్సిన బ్యాటరీ రెండు గంటలైనా నిండదు. తప్పు ఫోన్‌దా? ఛార్జర్‌దా? చాలాసార్లు రెండింటిదీ కాదు, మధ్యలో ఉన్న కేబుల్‌ది.

అసలు ఈ ఒకే పోర్ట్ కథ ఎక్కడ మొదలైందో ముందు చూద్దాం. యూరోపియన్ పార్లమెంట్ 2022 అక్టోబర్ 4న ఉమ్మడి ఛార్జర్ చట్టాన్ని ఆమోదించింది. అనుకూలంగా 602 ఓట్లు, వ్యతిరేకంగా పడినవి కేవలం 13. వాడకుండా పారేసే ఛార్జర్ల వల్లే ఏటా దాదాపు 11,000 టన్నుల ఈ-వ్యర్థాలు పోగవుతున్నాయన్నది అప్పుడు చెప్పిన ప్రధాన కారణం. ఆ చట్టం 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లు, ట్యాబ్లెట్లు, ఇయర్‌ఫోన్లు, కెమెరాల వంటి వాటికి అమల్లోకి వచ్చింది. ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్ 28.

యాపిల్ కూడా దిగిరాక తప్పలేదు. 2012లో ఐఫోన్ 5తో తెచ్చిన లైట్నింగ్ పోర్ట్‌ను 2023 సెప్టెంబర్‌లో ఐఫోన్ 15తో పక్కన పెట్టేసింది. ఇక మన దేశంలో.. 2022 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ జరిపిన సమావేశంలో స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లకు టైప్-సి ఉండాలని పరిశ్రమ వర్గాలు ఒప్పుకున్నాయి. 2023 జనవరిలో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ టైప్-సి ప్రమాణాన్ని ప్రచురించింది. నిజం చెప్పాలంటే, మన దగ్గర ఆదేశాల కన్నా మార్కెట్టే ముందు పరుగెత్తింది.

అంతా బాగానే ఉంది. కానీ ఒక్క విషయం గమనించాలి. చట్టం పోర్ట్ ఆకారాన్ని ఒకటి చేసింది. ఫాస్ట్ ఛార్జింగ్ ఉన్న ఫోన్ అయితే యూఎస్‌బీ పవర్ డెలివరీ, అంటే పీడీ అనే ఉమ్మడి పద్ధతికి కూడా సపోర్ట్ ఇవ్వాలంది. మరి మనం బస్టాండ్ దగ్గరో, కోఠిలోనో వంద రూపాయలకు కొనే కేబుల్ సంగతి? దాని తలలు చూడ్డానికి ఖరీదైన కేబుల్ తలల్లాగే ఉంటాయి. లోపల ఏముందో కంటికి కనపడదు. చిక్కంతా అక్కడే.

తీగ సన్నబడితే ఏమవుతుంది?

పొలానికి నీళ్లు పెట్టే పైపు సన్నగా, పొడవుగా ఉంటే చివర్లో ధార తగ్గినట్టే ఇదీ. కేబుల్‌లో రాగి తీగ సన్నగా ఉంటే కరెంటుకు అడ్డు పెరుగుతుంది. చిన్న లెక్క వేద్దాం. ఒక నాసిరకం కేబుల్‌లో రానూపోనూ కలిపి పావు ఓమ్ నిరోధం ఉందనుకోండి. ఛార్జర్ 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు పంపితే, దారిలోనే ముప్పావు వోల్టు పోతుంది. ఫోన్‌కు చేరేది 4.25 వోల్టులే. పోయిన శక్తి ఎటు వెళ్లింది? రెండు వాట్లకు పైగా వేడిగా మారి కేబుల్‌లోనే ఉండిపోయింది. ఛార్జింగ్ పెట్టినప్పుడు వైరు వెచ్చగా తగులుతోందంటే కారణం ఇదే.

అందుకే పీడీ పద్ధతిలో వోల్టేజీ పెంచి కరెంటు తగ్గిస్తారు. అదే 15 వాట్లను 9 వోల్టుల దగ్గర పంపితే 1.67 ఆంపియర్లు చాలు. దారిలో నష్టం బాగా తగ్గిపోతుంది. ఫోన్, ఛార్జర్ ముందుగా మాట్లాడుకుని, ఎన్ని వోల్టులు కావాలో తేల్చుకున్నాకే ఈ పెంపు జరుగుతుంది. 'నా ఫోన్ 25 వాట్లది, 65 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జర్ పెడితే పేలుతుందా?' అని చాలామంది అడుగుతుంటారు. పీడీ ఛార్జర్ సరైనదైతే ఆ భయం అక్కర్లేదు. ఫోన్ అడిగినంతే తీసుకుంటుంది.

పొడవు విషయంలోనూ జాగ్రత్త పడాలి. మంచం మీద పడుకుని వీడియోలు చూడ్డానికి వీలుగా ఉంటుందని రెండు, మూడు మీటర్ల కేబుల్ కొంటారు. తీగ మందం అంతే ఉండి పొడవు రెట్టింపైతే నష్టం కూడా రెట్టింపే. పొడవు కేబుల్ కావాలంటే చవకది అస్సలు వద్దు.

60 వాట్లా.. 240 వాట్లా?

రెండు వైపులా టైప్-సి ఉండే కేబుళ్లలో ప్రమాణం ప్రకారం కనీస స్థాయి 3 ఆంపియర్లు. అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. అంతకు మించి 5 ఆంపియర్లు పంపాలంటే కేబుల్ తలలో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండి తీరాలి. 'నేను 5 ఆంపియర్లు మోయగలను' అని ఛార్జర్‌కు చెప్పేది ఆ చిప్పే. అది లేకపోతే ఛార్జర్ ఎంత పెద్దదైనా 3 ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది. పాత 5 ఆంపియర్ల కేబుళ్లు 100 వాట్ల వరకు పనికొచ్చేవి. 2021లో వచ్చిన పీడీ 3.1తో ఆ గరిష్ఠ పరిమితి 240 వాట్లకు పెరిగింది. ఇప్పుడు సర్టిఫై అయిన కేబుళ్ల మీద 60 వాట్లు లేదా 240 వాట్లు అన్న గుర్తు ఉంటుంది. కొనేటప్పుడు ముందు చూడాల్సింది దాన్నే, పైన అల్లిన నైలాన్ జడను కాదు.

ఫోన్‌కు అంత అవసరమా అంటే.. కొన్నింటికి అవసరమే. సామ్‌సంగ్ ఫోన్లలో 45 వాట్ల ఛార్జింగ్ రావాలంటే 5 ఆంపియర్ల కేబుల్ కావాలి. 45 వాట్ల ఛార్జర్ కొని, 3 ఆంపియర్ల కేబుల్ పెడితే పెట్టిన డబ్బుకు ఫలితం రాదు. తేలిగ్గా తెలుసుకునే దారి ఒకటుంది. కేబుల్ పెట్టగానే స్క్రీన్ మీద 'సూపర్ ఫాస్ట్ ఛార్జింగ్ 2.0' అని వస్తోందా, లేక ఆ 2.0 లేకుండా వస్తోందా చూడండి.

వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ ఫోన్లది ఇంకో దారి. వీటి సూపర్‌వూక్ వంటి పద్ధతులు సొంతవి. ఉదాహరణకు వన్‌ప్లస్ 8టీ ఫోన్‌తో వచ్చిన 65 వాట్ల ఛార్జర్ 10 వోల్టుల దగ్గర ఏకంగా 6.5 ఆంపియర్లు పంపుతుంది. టైప్-సి ప్రమాణం ఒప్పుకునే 5 ఆంపియర్లను ఇది దాటేసింది. కాబట్టి దానికి ఆ కంపెనీ ఛార్జరూ, ఆ కంపెనీ కేబులూ రెండూ ఉండాల్సిందే. రెండింట్లో ఏది మారినా వేగం బాగా పడిపోతుంది. బాక్సులో వచ్చిన ఆ ఎర్ర కేబుల్‌ను ఎవరికీ అరువివ్వకపోవడమే మంచిది! 120 వాట్లు అని బాక్సు మీద రాసుకునే ఫోన్లు ఇతర పీడీ ఛార్జర్‌తో ఎన్ని వాట్లు తీసుకుంటాయో మాత్రం అంత పెద్ద అక్షరాల్లో రాయరు. ఒకే ఛార్జర్ అన్న ఆశయానికి అసలు గండి ఇక్కడే పడుతోంది.

పాత ఛార్జర్‌తో కొత్త ఫోన్

ఒకవైపు పాత పెద్ద యూఎస్‌బీ, ఇంకోవైపు టైప్-సి ఉండే కేబుళ్లతో అసలు ప్రమాదం ఎక్కువ. పాత ఛార్జర్లు, కంప్యూటర్ పోర్టులు అన్నీ 3 ఆంపియర్లు ఇవ్వలేవు. అందుకే ఇలాంటి కేబుల్ లోపల 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలని నిబంధన. 'అవతల ఉన్నది పాత పోర్ట్, ఎక్కువ లాగొద్దు' అని ఫోన్‌కు చెప్పేది అదే. నాసిరకం కేబుల్‌లో వేరే విలువ రెసిస్టర్ పెడితే ఫోన్ మోసపోతుంది. మోయలేని కరెంటును లాగుతుంది. అప్పుడు దెబ్బతినేది ఛార్జరో, ల్యాప్‌టాప్ పోర్టో కావచ్చు.

ఇదేదో పుస్తకాల్లో లెక్క అనుకోవద్దు. గూగుల్ ఇంజినీర్ బెన్సన్ లియుంగ్ 2015లో అమెజాన్‌లో అమ్మే టైప్-సి కేబుళ్లను సొంత డబ్బుతో కొని, ఒక్కొక్కటీ పరీక్షించి రివ్యూలు రాయడం మొదలుపెట్టారు. 2016 ఫిబ్రవరిలో ఒక కేబుల్ లోపల తీగలే తారుమారుగా కలిపి ఉండటంతో ఆయన క్రోమ్‌బుక్ పిక్సెల్ ల్యాప్‌టాప్ పాడైపోయింది. ఆ ఏడాదే అమెజాన్ ప్రమాణాలు పాటించని టైప్-సి కేబుళ్ల అమ్మకాన్ని నిషేధించింది. వేల రూపాయల ఫోన్, వందల రూపాయల కేబుల్ అన్న లెక్క అప్పుడు చాలామందికి అర్థమైంది.

దీనికి తలకిందులుగా ఇంకో ఇబ్బంది ఉంది. కొత్త ఛార్జర్, రెండు వైపులా టైప్-సి ఉన్న మంచి కేబుల్.. అయినా చవక నెక్‌బ్యాండ్ గానీ, చేతి ఫ్యాన్ గానీ ఛార్జ్ కాదు. 'కేబుల్ పోయింది' అనుకుని మార్చేస్తారు. నిజానికి ఆ వస్తువు లోపల పైసల్లో దొరికే 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టలేదు. అవి లేకపోతే అవతల ఏదో ఉందని ఛార్జర్‌కు తెలియదు, కరెంటు వదలదు. అదే వస్తువు పాత పెద్ద యూఎస్‌బీ కేబుల్‌తో వెంటనే ఎక్కుతుంది. కాబట్టి అలాంటి పాత కేబుల్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి, పారేయకండి.

వీడియోలు తీసేవాళ్లకు..

ఛార్జింగ్ కేబుల్ అన్నంత మాత్రాన డేటా కూడా వేగంగా పంపుతుందని కాదు. చాలా కేబుళ్లు, 240 వాట్లవి కూడా, డేటా విషయంలో పాత యూఎస్‌బీ 2.0 వేగం దగ్గరే ఉంటాయి. అంటే సెకనుకు 480 మెగాబిట్లు. పెళ్లి వీడియో 10 జీబీ ఉందనుకుంటే, లెక్క ప్రకారమే దాదాపు 3 నిమిషాలు, నిజంలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. సెకనుకు 10 గిగాబిట్ల కేబుల్ అయితే లెక్కకు 8 సెకన్లు. ఐఫోన్ 15 ప్రో ఆ వేగాన్ని అందుకోగలదు, కానీ దాని బాక్సులో ఇచ్చింది మాత్రం పాత వేగం కేబులే. మామూలు ఐఫోన్ 15కు ఎంత మంచి కేబుల్ కొన్నా 480 దాటదు. అక్కడ పోర్టే అంత.

కొనేముందు ఇంట్లోనే ఒక పని

కేబుల్ మార్చే ముందు పోర్ట్ లోపల ఒకసారి టార్చ్ వేసి చూడండి. జేబులో నూలు పోగులు, దుమ్ము చేరి గట్టిగా అణిగిపోతే ప్లగ్ పూర్తిగా దిగదు. ఫోన్ ఆపేసి, సన్నని చెక్క పుల్లతో నెమ్మదిగా తీస్తే సరిపోతుంది. పిన్నీసు పెట్టి గెలకొద్దు. టైప్-సిలో 24 పిన్నులు ఉంటాయి, ఒక్కటి వంగినా షాపుకు పరుగెత్తాల్సిందే. పోర్ట్‌లో తడి ఉందని ఫోన్ హెచ్చరిస్తే ఆరేదాకా ఛార్జింగ్ జోలికి వెళ్లకండి.

స్టేషన్లలో, బస్టాండ్లలో ఉండే పబ్లిక్ యూఎస్‌బీ పోర్టుల ద్వారా డేటా దొంగిలించే అవకాశం ఉందని 2022లో ఆర్బీఐ తన అవగాహన పుస్తకంలో హెచ్చరించింది. సొంత ఛార్జర్‌ను గోడ ప్లగ్‌కు పెట్టుకుంటే ఆ గొడవే లేదు.

2020 అక్టోబర్‌లో ఐఫోన్ 12తో మొదలై, బాక్సులో ఛార్జర్ ఇవ్వకపోవడం ఇప్పుడు మామూలైపోయింది. దాంతో ఛార్జర్ ఎంపిక కూడా మన నెత్తిన పడింది. కనీసం దీనికి మన దగ్గర ఒక దారి ఉంది. మొబైల్ ఛార్జర్లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఛార్జర్ మీద బీఐఎస్ గుర్తు పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటుంది. షాపులో నిలబడే బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొట్టండి. తయారీదారు పేరు, వస్తువు వివరాలు వస్తాయి. మీ చేతిలో ఉన్నదీ, యాప్ చూపించిందీ వేర్వేరుగా ఉంటే ఆ ఛార్జర్‌ను అక్కడే కౌంటర్ మీద పెట్టేసి రండి.