టీకా దినమున బిడ్డ నూరడించుట

గాలికుంటు టీకాలు వేయుటకు పశువైద్యుడు గ్రామమునకు వచ్చినప్పుడు మన రైతు ఎట్లు నడచుకొనునో గమనింపుడు. ఎద్దును నీడన నిలిపి, ముకుత్రాడు పరాయివాని చేతికీయక తానే పట్టుకొని, గంగడోలు నిమురుచు, పేరు పెట్టి పిలుచుచు, సూది పడువరకు దాని కన్నుల యెదుటనే నిలుచును. బెదరిన యెద్దు త్రాడు తెంపుకొనిపోవుననియు, మరుసటి యేడు ఆ చోటికే రాననుననియు అతడెరుగును. ఈ తెలివి అతనికి పుస్తకముల వలన వచ్చినది కాదు. కాని అదే రైతు తన మూడేండ్ల బిడ్డను టీకాకు తీసికొనిపోవు దినమున ఈ తెలివినంతయు కొట్టముననే విడిచి పోవుచున్నాడు. ఇదియే మా ఫిర్యాదు.

"ఏడ్చితివా, సూది వేయింతును చూడు!" అను బెదిరింపు మన యిండ్లలో అన్నము తినిపించునప్పుడొకమారు, నిద్రపుచ్చునప్పుడొకమారు వినబడుచునే యుండును. బిడ్డ మనస్సులో బూచివాడును, సూది వేయు నర్సమ్మయు ఒక్కరే యగుదురు. తుదకు నిజముగా టీకా దినము వచ్చినప్పుడు ఆ బిడ్డ గుమ్మములోనే గగ్గోలు పెట్టును. అంతట నలుగురు కాలుసేతులు పట్టి బల్లపై వెల్లకిల పరుండబెట్టుదురు. "మగబిడ్డవు కావా, సిగ్గులేదా?" యని పైగా హేళన! నేరము చేసినవారు పెద్దలు, మొండివాడను పేరు బిడ్డకు.

మన సభ్యుల కుటుంబములలో కొందరు కూలికై హైదరాబాదు చేరి, మౌలాలి, తార్నాక ప్రాంతముల బస్తీలలో నివసించుచున్నారు. వారిని చూచుటకు పోయినప్పుడు మేము మౌలాలి గుట్ట దిగువనున్న ఒక బస్తీలో టీకాల దినమున అరపూట కూర్చుండి చూచితిమి. ఊరిలో బిడ్డ నెత్తుకొనుటకు నాయనమ్మయో, మేనత్తయో తోడు వత్తురు. అక్కడ తల్లి యొంటరి. చంకనొకరు, కొంగు పట్టుకొని మరియొకరు. ఏడాదిన్నర బిడ్డ యొకడు సూది కనబడకముందే వణకుచుండెను. వెంట వచ్చిన ఆమె దారి పొడుగున వానిని భయపెట్టుచు తెచ్చినదట. అదే బల్ల చివర నొక చిన్నది, ఇరువదేండ్లైనను నిండియుండవు, తన నెలన్నర పసికందునకు పైటచాటున పాలిచ్చుచు కూర్చుండెను. నర్సమ్మ పాలు మాన్పింపలేదు. తొడకు సూది వేసినంతనే పసికందు కెవ్వుమని, రెండుమూడు గుటకల కాలము లోపలనే మరల చన్ను పట్టెను. ఆ తల్లికిట్లు చేయుమని ఎవరు చెప్పిరని అడిగితిమి. ఎవరును చెప్పలేదట, ఏడ్చు బిడ్డకు పాలియ్యక మరేమి చేయుదునని మమ్మే యడిగెను!

ఆమె యెరుగక చేసిన పనినే 2015వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థవారు దేశములన్నిటికి సిఫారసు చేసిరి. టీకా నొప్పిని తగ్గించుటకు వారు చెప్పినవి ఖర్చు లేని పనులు. పాలు త్రాగు బిడ్డకు సూదికి కొంచెము ముందుగానో, సూది వేయుచుండగనో తల్లి పాలియ్యవలెను. తల్లి యొడి వెచ్చదనము, చప్పరించుట, పాలతీపి అన్నియు కలసి నొప్పిని మరపించును. పాలు పొరబోవునని మన ముసలమ్మలు భయపడుదురు గాని, పరిశోధనలలో అట్టి కీడు కనబడలేదు. రోటా చుక్కలు వేయవలసియున్నచో వానిని ముందుగా వేసి, సూదులు తరువాత వేయవలెను. ఆ చుక్కలలో చక్కెర యుండుటయే కారణము. మంట ఎక్కువ పెట్టు సూది చివరిది కావలెను. పసిబిడ్డను ఒడిలో పట్టుకొనవలెను. మూడేండ్లు దాటినవానిని కూర్చుండబెట్టవలెను గాని పరుండబెట్టరాదు, వెల్లకిల పడినవానికి భయము రెట్టించును. సూది పడుచోటును రుద్దుట, గిల్లుట వారు సిఫారసు చేయలేదు. ఇక తీపి కదా యని ఏడాది లోపు బిడ్డకు తేనె నాకింపబోకుడు. దాని వలన ప్రాణాపాయమే కలుగవచ్చును.

మాటల విషయము మరింత ముఖ్యము. "ఏమియు నొప్పి పెట్టదు నాయనా" యని చెప్పి సూది పొడిపించినచో, బిడ్డ రెండవమారు మన మాట నమ్మడు. "అయ్యో, నా తల్లీ!" యని మనము ముందే కంటనీరు పెట్టినను చెరుపే. "ఇదిగో, ఇప్పుడు వేయుదురు, నేనిక్కడనే యున్నాను" అనిన చాలును. ఆరేండ్లలోపు బిడ్డ మనస్సును మరల్చుట సులభము: గిలక యాడించుట, కాకిని చూపుట, ఇంటి లేగదూడ ఏమి చేయుచున్నదో యడుగుట. సెల్‌ఫోను బొమ్మలైనను ఆ ఒక్క నిమిషమునకు మేము కాదనము.

ఇది గారాబమనియు, మా కాలమున ఇవి యుండెనా యనియు పెద్దలు కొందరాక్షేపింతురు. వారి కాలమును తలచుకొందము. మశూచికపు టీకాలవారు వచ్చిరనిన పిల్లలు గడ్డివాముల చాటున దాగిరని ఆ పెద్దలే చెప్పుదురు. బలవంతముగా పట్టి వేసిన సందర్భములును దేశమున గలవు. ఆ వ్యాధి 1975తో మన దేశమున అంతరించెను. 1980లో లోకమంతటను అంతరించినదని ప్రకటించిరి. మేలు జరిగినది, సందేహము లేదు. కాని నాటి టీకా పని ఒకటి రెండు మారులతో ముగియునది. నేటి పట్టిక అట్టిది కాదు. పుట్టిననాడు మొదలుకొని ఆరు వారములకు మూడు సూదులు, పది వారములకొకటి, పదునాలుగు వారములకు మరల మూడు, తొమ్మిది నెలలకు, ఏడాదిన్నరకు, అయిదేండ్లకు మరల మరల రావలెను. మొదటిమారు భయపడినవాడు మరల వచ్చుటకు పోరును. తల్లియు ఆ పోరు పడలేక "వచ్చు వారము చూతములే" యనును. ఆ వచ్చు వారము రాకనే కంఠసర్పియో, తట్టుయో వచ్చును. ఊరడింపు వేడుక కాదనుటకు మాకిదియే ప్రబలమైన కారణము.

2016 జూన్ మాసమున హైదరాబాదు మురుగునీటిలో టీకా జనితమైన రెండవ రకపు పోలియో క్రిమి కనబడినది. వెంటనే హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో ఆరు వారములు మొదలు మూడేండ్ల వరకు గల సుమారు 3 లక్షల బిడ్డలకు ఒక్క వారములో పోలియో సూది వేసిరి. మౌలాలి అప్పుడు రంగారెడ్డి జిల్లాలోనిదే. ఆ మందు మామూలు మోతాదులో అయిదవ వంతు; చర్మపు పొరలోనికి ఎక్కింపవలసినది. గింజుకొను చేతికి అట్టి సూది సరిగా పడుట కష్టము. మందును 2 మొదలు 8 డిగ్రీల చలిలో కాపాడి, మంచుపెట్టెలలో గల్లీగల్లీకి మోసి తెచ్చిన శ్రమయంతయు, తుదకు బిడ్డ చేయి కదలకుండుటపై ఆధారపడును.

మాటవెంట ఒకటి చెప్పెదము. మన పశువులకు వేయు గాలికుంటు టీకా చేయుటకై జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో హైదరాబాదుననే ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థను స్థాపించినది. మనుష్యులకు వేయు పిచ్చికుక్క కాటు టీకాయు నేడు ఆ సంస్థయే చేయుచున్నది. ఒకే యింటి మందు పశువునకును మనిషికిని వచ్చుచుండగా, ఊరడింపు మాత్రము పశువునకే యేల?

టీకా వేసిన తరువాత అరగంట అక్కడనే కూర్చుండుట, జ్వరము వచ్చిన నర్సమ్మ చెప్పిన మోతాదు ప్రకారమే మందు పోయుట, కార్డును భద్రపరచుట అందరెరిగినవే.

మా కోరిక యొకటి సంఘ పాలకవర్గము ముందుంచుచున్నాము. మన గ్రామమున బుధ, శనివారములలో టీకాలు వేయు అంగన్వాడీ వసారాలో తల్లులు ఎండలో నిలుచుచున్నారు. చాటు లేనందున పాలిచ్చుటకు సిగ్గుపడుచున్నారు. ఎరువుల గిడ్డంగిలో ఊరక పడియున్న వీపు గల బెంచీలు రెండింటిని అచ్చటికి చేర్పింపవలెను. ముందు తాటాకు పందిరి వేయింపవలెను. ఒక మూల పరదా కట్టినచో పాలిచ్చు తల్లులకు చాటు దొరకును. పరదా గుడ్డకు సంఘము సొమ్ము వెచ్చింపనక్కరలేదు, మా యింట నున్నది తెచ్చెదము.