తీరిక వేళ : అటకమీది జాడీలు

తపాలా బిళ్ళలు కూడబెట్టేవారిని ఎవరూ ఏమీ అనరు. పాత నాణేలు చేర్చేవారిని చూస్తే కొంచెం గౌరవం కూడాను. ఊరగాయ జాడీలు చేరుస్తానంటే మాత్రం నవ్వుతారు. మా ఇంట జాడీలు పందొమ్మిది అయినాయనీ, మనుషులకే చోటు లేదనీ మా ఇంటావిడ అనేమాట నిజమే. దానికి నావద్ద జవాబు లేదు. అయినా ఈ నెల వాటిని గురించే వ్రాస్తున్నాను.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రాన, మిసిసిపీ నది ఒడ్డున రెడ్ వింగ్ అని ఒక చిన్న ఊరు కలదు. 1870 దశకంనుంచి అక్కడి కర్మాగారాలలో గట్టి రాతిమట్టి జాడీలు తయారయ్యేవి. అది నెలల తరబడి మంచు కురిసే ప్రాంతం గనుక, అక్కడి రైతు ఇల్లాండ్రు క్యాబేజీ, దోసకాయలు, మాంసం ఉప్పులో ఊరవేసి, వెన్నతో సహా, ఈ జాడీలలో దాచుకునేవారు. జాడీమీద ఎర్రని రెక్క బొమ్మ, అది ఎన్ని గ్యాలన్లు పట్టేదీ చెప్పే అంకె అచ్చువేసి ఉండేవి. గాజు సీసాలూ ఫ్రిజ్‌లూ వచ్చాక వాటి అవసరం తగ్గిపోయింది. 1967లో ఆ కర్మాగారం మూతపడింది. పదేళ్ళు తిరిగి 1977 వచ్చేసరికి అవే జాడీలకోసం జనం సంఘం పెట్టుకున్నారు! నేటికీ ఏటేటా వేసవిలో ఆ ఊళ్ళోనే సభ జరుపుకుంటారు.

ఆ జాడీ మన అవ్వల ఆవకాయ జాడీకి తోబుట్టువని నా అభిప్రాయం. వారికి గ్యాలన్ల లెక్క, మన అవ్వలకు కాయల లెక్క. ‘ఇది నూరు కాయల జాడీ, అది యాభై కాయలది’ అనేవారు. అంకె అచ్చువేసే పని లేకుండానే ఇంటిల్లిపాదికీ తెలిసేది.

తోబుట్టువనటం ఊరికే కాదు. పైభాగం గోధుమ రంగు, కిందిభాగం మీగడ రంగు ఉండే జాడీ మనలో చూడనివారెవరు? ఈ రెండు రంగుల పద్ధతి ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో పుట్టింది. అంతకుముందు కొలిమి మహావేడిమీద ఉండగా లోపలికి ఉప్పు చల్లేవారు. ఆ ఉప్పు ఆవిరయి, మట్టిలోని ఇసుకపాలుతో కలిసి, జాడీకి గాజుపొరలాగా అంటుకునేది. అటువంటి జాడీని వేళ్ళతో తడిమితే నారింజ తొక్కను తడిమినట్టే ఉంటుంది. 1835 ప్రాంతంలో విలియం పవెల్ అనే బ్రిస్టల్ తయారీదారుడు ఉప్పు అక్కరలేని మెరుగు ఒకటి కనిపెట్టాడు. దానిలో ముంచిన జాడీ పాలరంగు తేరేది. మెడవైపు మాత్రం కావిరంగు ఇచ్చేవారు. ఈ పద్ధతి ఓడలెక్కి అమెరికాకు పోయింది, మన దేశపు కర్మాగారాలలోనూ స్థిరపడింది. ఉత్తరాన ఖుర్జాలో నేటికీ ఊరగాయ జాడీలు చేస్తున్నారు.

అంతమాత్రాన జాడీ మనకు దొరలు నేర్పిన వస్తువని అనుకోనక్కరలేదు. ఉత్తరాదివారు జాడీని ‘మర్తబాన్’ అంటారు. బర్మాలో మర్తబాన్ అనే రేవునుంచి పెద్ద పెద్ద మెరుగు జాడీలు ఓడలలో దేశదేశాలకు పోయేవి గనుక ఆ పేరు వచ్చింది. 14వ శతాబ్దిలో లోకం తిరిగిన ఇబ్న్ బతూతా, తనకు కానుకగా ఇచ్చిన మర్తబాన్లలో అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి ఉప్పులో ఊరవేసి ఓడ ప్రయాణానికని సిద్ధంచేసి ఉన్నట్టు వ్రాసిపెట్టాడు. ఎండుమిరపకాయ అప్పటికి మన దేశానికే రాలేదు. మిరపకాయ లేని మామిడి ఊరగాయ ఎలా తిన్నారో విరుదునగరం మండీవారిని అడగాలి!

జాడీలు చూడగోరేవారు ఒకసారి కారైక్కుడి మునీశ్వరన్ కోయిల్ వీధికి వెళ్ళిరండి. చెట్టినాటు మేడలనుంచి దిగివచ్చిన పింగాణీ, ఎనామెల్ సామాను అక్కడి అంగళ్ళలో బారులుతీరి ఉంటుంది. కొనకపోయినా కన్ను పదునెక్కుతుంది.

కొనేటప్పుడు ముందుగా జాడీని తిరగవేసి అడుగు చూడాలి. మెరుగు పట్టని అంచు దగ్గర అసలు మట్టి రంగు కనబడుతుంది. కంపెనీ ముద్ర ఉంటే సాధారణంగా అక్కడనో, భుజంమీదనో ఉంటుంది. తరువాత వేలి కణుపుతో తట్టాలి. గంటలాగా ఖణేలుమంటే గట్టిది. బొదబొదమంటే ఎక్కడో బీట ఉన్నట్టు. లోపలికి చెయ్యి పెట్టి తడిమితే చుట్లు చుట్లుగా గీతలు తగిలేది చేతితో సారెమీద లేపినది కావచ్చు. సిమెంటు పూసి, రంగు వేసి అమ్మేవారూ ఉన్నారు గనుక వెలుతురులో చూడనిది కొనవద్దు. మూత సంగతి మరీ కష్టం. ‘జాడిక్కేత్త మూడి’ అని అరవంలో మొగుడూ పెళ్ళాలను గురించి అంటారు గాని, పాత జాడీలకు ఆ భాగ్యం అరుదు. నా పందొమ్మిదింటిలో సొంత మూతలున్నవి నాలుగే. మిగిలినవాటికి గుడ్డతో వాసెన కట్టి ఉంచాను.

అమ్మలకు ఒక మాట. పాత జాడీ ముచ్చటగా ఉందని వెంటనే అందులో ఆవకాయ పెట్టవద్దు. తక్కువ వేడిమీద కాల్చిన కొన్ని పాత్రల మెరుగులో సీసం కలుస్తుంది. పులుపు తగిలితే ఆ సీసం ఊరి తిండిలోకి దిగుతుంది. బాగా కాలిన రాతిమట్టి జాడీకి ఆ భయం తక్కువేగాని, చూపుతో తేల్చుకోలేము. మెరుగు సాలెగూడులాగా చిట్లి ఉంటే అసలే కూడదు. అమెరికాలో 1936లో ఫియెస్టా అనే రంగురంగుల పింగాణీ బయలుదేరింది. అందులో ఎరుపు రంగుకు వాడినది యురేనియం! యుద్ధకాలంలో ప్రభుత్వం ఆ లోహాన్ని తన అవసరానికి తీసుకోవటంతో ఎర్ర పళ్ళేలు ఆగిపోయి, మళ్ళీ 1959లో వచ్చాయి. సేకరించేవారు నేటికీ వాటిని బీరువాలో పెట్టి చూసుకుంటారు. వాటిలో భోజనం చేయవద్దని తెలిసినవారు చెబుతారు. నా జాడీలలో కొత్తగా కొన్న రెండింటిలోనే మా ఇంటావిడ ఊరగాయ పెడుతుంది.

పోయిన భోగికి నాలుగు రోజుల ముందు మా వీధిలో అన్నదమ్ములు పాత ఇల్లు అమ్మి పంచుకున్నారు. ఏడు జాడీలు పాత సామాన్లవాని బండి ఎక్కాయి. వాటికి మారుగా వచ్చినవి రెండు ప్లాస్టిక్ బక్కెట్లు. బండిమీదనుంచే రెండింటిని బేరమాడి తెచ్చాను. ఆ ఇంటి పెద్దమ్మగారు ఇప్పుడు చెన్నైలో కొడుకు దగ్గర ఉన్నారు. ఫోను చేసి గుర్తులు చెప్పగా వెంటనే అందుకున్నారు. “చిన్నది నిమ్మకాయ జాడీ నాయనా, నేను కాపురానికి వచ్చినప్పుడు ఎడ్లబండిలో గడ్డి వేసి తెచ్చుకున్నా. పెద్దది మా అత్తగారిది, దానికి మేమెవరమూ తడిచెయ్యి తగలనిచ్చేవారం కాము” అన్నారు. కొంచెం ఆగి, తక్కిన అయిదింటి సంగతి అడిగారు. అవి ఎటుపోయినాయో బండివానికే తెలియాలి.

నేను ప్రతి జాడీలోనూ ఒక చీటీ వేసి ఉంచుతాను. ఎవరిది, ఏ ఊరిది, ఎన్ని కాయలు పట్టేది, ఎవరు చెప్పారు, ఇంతే. పదకొండు చీటీలలో ఊరి పేరు తప్ప మరేమీ లేదు. మన కుటుంబాలవారిలో కోవిల్‌పట్టి, సాత్తూరు, రాజపాళయం వైపు పాత జాడీలు ఉన్నవారు అడుగున ముద్ర ఉంటే కాగితం పరచి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చును పత్రిక విలాసానికి పంపగోర్తాను. జాడీ పంపనక్కరలేదు, మా ఇంటావిడ ఈ వాక్యం తప్పక చేర్చమన్నది.