ఆగినా ఆగని పొగ

చలికాలం వచ్చిందంటే ఢిల్లీ చుట్టుపక్కల డీజిల్ జనరేటర్లకు గడ్డుకాలమే. వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ 2023 అక్టోబర్ 1 నుంచి జాతీయ రాజధాని ప్రాంతమంతటా వాటి వాడకంపై కఠిన షరతులు పెట్టింది. నోయిడా అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ నడపాలన్నా నిబంధనలు చూసుకోవాలి. మరి విశాఖ రేవులో సరుకు ఓడ ఆగితే? ప్రధాన ఇంజన్ ఆపేస్తారు. దీపాలు, పంపులు, శీతల కంటైనర్ల కోసం ఓడలోని జనరేటర్లు మాత్రం సాధారణంగా రేయింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి.

వాటిలో మండేది మన లారీ డీజిల్ కాదు. 2020 నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు మించకూడదు. అదే ఏడాది అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఓడల ఇంధనానికి పెట్టిన పరిమితి 0.5 శాతం. అంటే 500 రెట్లు! ఆ పొగను పీల్చాల్సింది రేవును ఆనుకుని ఉన్న పాత నగరం. బొగ్గు ధూళి ఎలాగూ ఉంది.

విరుగుడు కొత్తదేమీ కాదు. ఓడకు తీరం నుంచి కరెంటు ఇచ్చి జనరేటర్లు ఆపించడమే. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ రేవు 2000లోనే సరుకు ఓడలకు హైవోల్టేజి విద్యుత్ అందించింది. కాలిఫోర్నియా 2007లో నిబంధన తెచ్చి 2014 నుంచి అమలు చేసింది. ఐరోపా సమాఖ్య ప్రధాన రేవుల్లో కంటైనర్, ప్రయాణికుల నౌకలకు 2030 నుంచి దీన్ని తప్పనిసరి చేస్తోంది.

మన కేంద్ర నౌకాయాన శాఖ కూడా 2023 మేలో విడుదల చేసిన 'హరిత్ సాగర్' మార్గదర్శకాల్లో ఈ మాటే చెప్పింది. చిక్కల్లా మార్గదర్శకానికీ చట్టానికీ ఉన్న తేడాలోనే. మన గ్రిడ్ 50 హెర్ట్జ్, ఓడల్లో ఎక్కువ భాగం 60 హెర్ట్జ్. మధ్యలో ఖరీదైన కన్వర్టర్ కావాలి. వాడుకునే ఓడలేవని రేవు, ప్లగ్గు ఎక్కడని ఓడ ఒకరి వైపు ఒకరు చూస్తుంటారు. యూనిట్ ధర సొంత ఇంధనం కన్నా ఎక్కువైతే ప్లగ్గు ఉన్నా ఎవరూ పెట్టరు.

తీరం కరెంటూ బొగ్గుదే కదా అనొచ్చు. పరవాడలోని సింహాద్రి కేంద్రాన్ని చూస్తే అది నిజమే. కానీ ఒకేచోట ఉన్న పొగగొట్టాన్ని అదుపు చేయడం, వచ్చిపోయే ప్రతి ఓడనూ పట్టుకోవడం కన్నా సులువు. పైగా విశాఖ రేవుకు సొంతంగా 10 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ఉంది.

ఢిల్లీ చేయాల్సినవి రెండే. గడువుతో కూడిన నిబంధన తేవాలి. రాష్ట్రంతో మాట్లాడి ఓడలకు గిట్టుబాటయ్యే టారిఫ్ సాధించాలి. తన ముక్కుకు పొగ తగిలినప్పుడు షరతులు పెట్టడం రాజధానికి బాగానే తెలుసు. సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్లకూ ముక్కులున్నాయి.