మతము పేర తగిలిన గాయము

కాలు విరిగినవానిని చూచి వీథి యంతయు పరుగెత్తి వచ్చును. జ్వరముతో మూల్గువానికి ఇరుగుపొరుగువారు కషాయము కాచి తెత్తురు. కాని చిన్ననాటినుండి దేవుని పేర బెదరింపబడి, శపింపబడి, వెలివేయబడి, పెద్దయైన పిమ్మటను అర్ధరాత్రమున ఉలికిపడి లేచు మనుష్యుని పలుకరించు దిక్కు మన సంఘములో లేదు. అతడు తన బాధ చెప్పుకొన్నచో ఇంటివారు దైవనింద యందురు; పురోహితుడు శాంతి చేయింపుమనును; పాస్టరు విశ్వాసము చాలదనును; మౌల్వీ తాయెత్తు కట్టును; స్నేహితుడు నవ్వును. ఈ గాయమునకు వైద్యము కలదు. ఆ వైద్యమును నేడు చేతిలోని టెలిఫోను మీదుగ, ఊరు కదలకుండగనే ఆరంభింపవచ్చును. అట్లారంభించుట దైవద్రోహము కాదని మా పాఠకులకు విన్నవించుటకే నేడు కలము పట్టితిమి.

మతమును దూషించుట మా యుద్దేశము కాదు. కోట్లకొలది జనులకు దుఃఖమున మతమే చేతికఱ్ఱ. ఆ కఱ్ఱతోనే దెబ్బలు తిన్నవారును మన మధ్య కలరు. మేము మాటలాడుచున్నది వారిని గూర్చి. ముట్టైన బాలికను పశువుల కొట్టమున పరుండబెట్టి, నీ నీడయే మైల యని నేర్పిన యిల్లు కలదు. మందులు మానిన గాని ప్రార్థన ఫలింపదని చెప్పి రోగిని భయపెట్టిన సభ కలదు. పాఠము తప్పినందుకు నరకాగ్నిని వర్ణించుచు బెత్తముతో కొట్టిన మతపాఠశాల కలదు. కులము మీరి పెండ్లియాడినందుకు బ్రదికియున్న కూతురికి పిండము పెట్టిన తండ్రి కలడు. ఏ యొక్క మతమును ఇందు నిర్దోషి కాదు. ఏ యొక్క మతమును ఇందు ఒంటరి దోషియు కాదు.

ఇట్టి బాధకు అమెరికా దేశపు మనోవిజ్ఞానవేత్త మార్లీన్ వినెల్ 2011లో "రిలీజియస్ ట్రామా సిండ్రోమ్" అని పేరు పెట్టెను. వైద్య గ్రంథములలో ఇది ప్రత్యేక రోగముగ నేటికిని చేరలేదు. అంతమాత్రమున ఇది కల్పన కాదు. అమెరికా మనోవైద్యుల రోగనిర్ణయ గ్రంథము 1994నాటి నాలుగవ కూర్పులోనే మతసంబంధమైన సంకటమును వైద్యుడు గమనింపదగిన విషయముగ చేర్చినది. బహుకాలము తప్పించుకొన వీలులేని హింసకు లోబడినవారికి కలుగు దీర్ఘ మానసికాఘాతమును ప్రపంచారోగ్య సంస్థవారు తమ పదునొకండవ రోగపట్టికలో వేరుగ గుర్తించిరి. ఆ పట్టిక 2022 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. గంట మ్రోగిన వణకు, ధూపపు వాసనకు గుండెదడ, తాను పుట్టుకతోనే పాపి నను తలంపు, సంతోషము కలిగినప్పుడెల్ల శిక్ష రాబోవుచున్నదను భీతి - ఇవి చెప్పువారిని వెఱ్ఱివారనుట అజ్ఞానము.

మన తెలుగునాట ఈ గాయపు లోతెంతయో చూడుడు. తెలంగాణమున జోగినులనియు, రాయలసీమలో బసివిరాండ్రనియు, చిత్తూరు సీమలో మాతమ్మలనియు పిలిచి ఆడుబిడ్డలను దేవతకు విడిచిరి. 1947లో మద్రాసు శాసనసభయు, 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభయు ఈ దురాచారమును నిషేధించెను. చట్టము తాళి కట్టు చేతిని పట్టుకొనగలదు. కాని, నన్ను దేవత కోరినది, నేను కాదన్నచో ఊరు నశించునని పదేండ్ల ప్రాయమున నాటుకొన్న భయమును ఏ పోలీసు ఉద్యోగి వచ్చి పెరికివేయును? చేతబడి చేసితివని చెట్టునకు కట్టి కొట్టబడిన ముదుసలికి న్యాయస్థానమున గెలుపు వచ్చినను, మరల ఆ వీథిని నడచుటకు ధైర్య మెవరిచ్చెదరు? సంస్కర్తలు ఆచారమును మాన్పుటకు పాటుపడిరి, అది మహోపకారమే. ఆచారము మానిన పిమ్మట మిగిలిన మనస్సును గూర్చి మాత్రము మన మాలోచింపలేదు.

ఇంతవరకు మనవారెరిగిన యుపాయము మరల గుడికో, దర్గాకో, ప్రార్థనాలయమునకో తీసికొనిపోవుటయే. తమిళనాటి ఎర్వాడిలో దర్గా చెంత వెలసిన శరణాలయమున మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిరి. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున అచట నిప్పంటుకొని, కట్లు విప్పుకొనలేక 28 మంది ప్రాణములు విడిచిరి. 2017నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము రోగులను గొలుసులతో బంధించుటను నిషేధించి, వైద్యము పొందుట ప్రతివాని హక్కని చాటినది. హక్కు కాగితముపై కలదు. వైద్యుడు చేరువలో లేడు. 2015-16లో నిమ్హాన్స్ వారు 12 రాష్ట్రములలో జరిపిన సర్వే ననుసరించి, ఆయా మానసిక వ్యాధులు కలవారిలో నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్సకు నోచుకొనుటలేదు.

వైద్యుడు దొరకినను మతగాయము కలవానికి మరియొక యడ్డంకి కలదు. చిన్నపట్టణమున మనోవైద్యుని గుమ్మము తొక్కినవానిని సాయంకాలమునకే ఊరెల్ల ఎరుగును. ఆ వైద్యుడును తన తండ్రి భజనకూటమివాడో, తన సంఘపు పెద్దకు బంధువో కావచ్చును. ఎవరివలన గాయపడెనో వారికి తెలియకుండ వైద్యము పొందవలసినవాడు వారి కన్నుల యెదుటనే నడచిపోవుట యెట్లు? దూరచికిత్స, అనగా ఆన్‌లైన్ థెరపీ, ఇచటనే అక్కరకు వచ్చుచున్నది. గుంటూరు చిన్నది హైదరాబాదు సైకాలజిస్టుతో మాటలాడవచ్చును. డాలసులోని తెలుగు విద్యార్థి తన భాష తెలిసినవారిని వెదకికొనవచ్చును. 2020లో మన ప్రభుత్వము దూరవైద్యమునకు నియమావళి ప్రకటించినది. 2022 అక్టోబరు 10నుండి "టెలి-మానస్" అను ఉచిత సహాయము 14416 అను నంబరుపై తెలుగుతో సహా పలుభాషలలో లభించుచున్నది. ఇట్టి చికిత్స వట్టి మాటల మూటయని తలంపరాదు. ఆఘాతపీడితులలో ముఖాముఖి కంటె దీనినే కోరు పెద్దలకు, నిపుణుని తోడ్పాటుతో కంప్యూటరు మూలమున చికిత్స చేయవచ్చునని ఇంగ్లండు దేశపు వైద్య ప్రమాణ సంస్థ 2018లో సూచించెను.

ఆరంభించువారు భయపడు సంగతి యొకటి కలదు. మొదటి దినముననే కడుపులోని కథయంతయు కక్కింతురేమో యని వారి శంక. మంచి చికిత్సకుడు అట్లు చేయడు. నిద్ర యెట్లున్నది, తిండి యెట్లున్నది, ఇంట ప్రమాద మేమైన కలదా, ఆత్మహత్యాచింత కలుగుచున్నదా యని మొదట విచారించును. భయము పొంగివచ్చినప్పుడు ఊపిరిని కుదుటపరచుకొని, కాలిక్రింది నేలను, చుట్టునున్న వస్తువులను గమనించి నేటి క్షణమునకు మరలివచ్చుట నేర్పును. కథ చెప్పుట పిమ్మట, చెప్పువాని యిచ్చ చొప్పున, కొంచెము కొంచెముగ జరుగును. ఒకరితో పొసగనిచో మరియొకరిని చూచుకొనుటయు తప్పు కాదు.

ఇక నాక్షేపణలు. ఈ చికిత్సకులు మా బిడ్డలను మతభ్రష్టులను చేయుదురని ఆస్తికులందురు. వారికి లండను పురోహితుడు చాడ్ వారా చరిత్ర నివేదింతుము. ఆయన యువకుడుగ నుండి జరిపిన తొలి యంత్యక్రియ, యౌవనారంభపు చిహ్నమును ఘోరరోగమని భ్రమించి ప్రాణము తీసికొన్న యొక బాలికది. ఆ దుఃఖమును మరువక ఆయన 1953లో తన చర్చినుండియే టెలిఫోనుపై ఆర్తుల మొర వినుట నారంభించెను. అదియే "సమారిటన్స్" సంస్థ. ఫోను చేసినవారికి మతబోధ చేయరాదను నియమమును అది పాటించినది. పురోహితుడే గ్రహించిన ధర్మమును మన పెద్దలు గ్రహింపలేరా? చికిత్స ముగిసిన పిదప ఒకడు మరల గుడికి పోవును, ఒకడు పోడు. ఏది చేసినను భయముచే గాక స్వేచ్ఛగ చేయుటయే ఆరోగ్యము.

నాస్తికులలో కొందరు దీనికి విపరీతముగ పలుకుదురు. దేవుడు లేడని నిరూపించినచో రోగము దానంతట అదియే పోవునట! మేము దీనిని నమ్మము. నరకము లేదని నిశ్చయించుకొన్న పదేండ్లకును నరకమును స్వప్నములో చూచి చెమటపట్టువారు కలరు. బుద్ధి యంగీకరించిన సంగతిని శరీరము అంత త్వరగా అంగీకరింపదు. వాదమున గెలిచినవానికి శాంతి కలుగునను నియమము లేదు. చికిత్సకుని పీఠము ప్రచారవేదిక కారాదు. ఆస్తికునికిని కారాదు, నాస్తికునికిని కారాదు.

నిజమైన యపాయములు వేరు. సామాజిక మాధ్యమములలో వారము దినముల శిక్షణతో "హీలర్" లనియు "కోచ్" లనియు బిరుదులు తగిలించుకొన్నవారు వెలసిరి. శాపము తీసెదనని చెప్పు భూతవైద్యునికిని వీరికిని వేషమే భేదము. 1992నాటి చట్టము ననుసరించి ఏర్పడిన భారత పునరావాస మండలి పట్టికలో పేరున్న క్లినికల్ సైకాలజిస్టునో, పట్టభద్రుడైన మనోవైద్యునో అడిగి తెలిసికొని మరి చేరవలెను. రెండవది రహస్యభంగము. ఫిన్లండు దేశమున ఒక మనోచికిత్సా సంస్థ దస్త్రములు దొంగలపాలై, 2020లో వేలకొలది రోగులకు, డబ్బు పంపనిచో మీ గుట్టు బయలుపెట్టెదమని బెదరింపులు వచ్చెను. మన 2017నాటి చట్టము రోగి రహస్యమును కాపాడుమన్నది. మాటలను రికార్డు చేయుదురా, దస్త్రములను ఎచట దాచుదురు అని రోగి మొదటనే అడుగవలెను. అడుగుట అమర్యాద కాదు. మూడవది, ప్రాణాపాయ సమయమున తెరమీది బొమ్మ చాలదు; దగ్గరి ఆసుపత్రికే పోవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది భాష. మైల, అంటు, దోషము, శాపము, పూనకము, దిష్టి - ఈ మాటలు తెలుగు బాలుని ఎముకలలో ఇంకిన మాటలు. వీనిని ఇంగ్లీషున వివరించుటకే సగము గంట పోవును. మిగిలిన సగములో గాయము మానునా? ఏ భాషలో భయము నేర్పబడినదో ఆ భాషలోనే భయము మాన్పవలెను. కావున మన రెండు రాష్ట్రముల విశ్వవిద్యాలయములు తెలుగున చికిత్స చేయగల మనోవిజ్ఞానులను తరిబీతు చేయవలెనని మేము గట్టిగ కోరుచున్నాము. పరాయి పాలన తొలగినంతనే స్వరాజ్యము పూర్తి కాలేదు. తన మనస్సులో తానే ఖైదీగ నున్న పౌరుడు ఒక్కడున్నను ఆ మేరకు మన స్వరాజ్యమునకు కొరతయే.

తుదకు పఠనమందిరముల వారికొక మనవి. దూరచికిత్సకు కావలసినది టెలిఫోను ఒక్కటియే కాదు; మాటలు గోడ దాటని గది కావలెను. ఇరుకిండ్లలో, ఉమ్మడి కుటుంబములలో అదియే కరవు. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘమును స్థాపించి ఊరూర వెలుగు పంచిన జాతి మనది. ప్రతి గ్రంథాలయమునను తలుపు మూసికొనగల చిన్నగది యొకటి, వారమునకు కొన్ని గంటలు, ఎందుకని అడుగక, పేరు వ్రాసికొనక ఇచ్చినచో ఎంత మేలగును! ఒక కుర్చీ, ఒక దీపము, ఒక గడియ. ఖర్చు స్వల్పము. ఆ తలుపు వెనుక ఎవరో యొక చెల్లెలు, పుట్టి బుద్ధెరిగిన పిమ్మట మొదటిసారి వణకని గొంతుతో తన మాట తాను చెప్పుకొనగలిగినచో, ఆ మందిరము కట్టిన ఫలము దక్కినట్లే.