విడిచిన సరుగుడు తోటలు, వాని నీడలోని మొక్కలు

పద్మనాభము పరిసరముల గరువు భూములలో సరుగుడు, నీలగిరి తోటలు వేసి, ఒకటి రెండు కోతలైన పిదప విడిచిపెట్టిన రైతులు కలరు. కొందరికి కోతకూలి గిట్టలేదు; కొందరి బిడ్డలు విశాఖపట్టణమున ఉద్యోగములలో కుదిరిరి; 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానులో తోట నేలకూలగా మరల వేయుటకు మనసొప్పనివారును కలరు. అట్టి నేలను జూచి బీడుపడినదని మన మనుచున్నాము. ఆ మాట పూర్తిగా సత్యము కాదని నా యభిప్రాయము.

వానలు పడిన పిదప అట్టి తోటలోనికి వంగి ప్రవేశించి, క్రిందికి చూడుడు. నేరేడు, మొర్రి, బలుసు, తునికి, అల్లి, ఈత మొలకలు కానవచ్చును. వీనిని నాటినవా రెవ్వరును లేరు. పండు తిన్న పిగిలిపిట్టయు గోరింకయు కొమ్మపై వ్రాలి గింజను విడిచినవి. నక్కయు తన వంతు చేసినది. కొన్ని మొక్కలు గింజవలన వచ్చినవియు గావు. పూర్వము డొంకగా నున్నప్పటి వేళ్లు నేలలో దాగియుండి, దున్నుట మానగానే చిగిర్చినవి. సమీపమున పండ్లచెట్లు గల కొండగాని డొంకగాని యున్నచోట ఈ పని త్వరగా సాగును. లేనిచోట మందముగా సాగును.

రెండు తోటలు నొక్కరీతివి గావు. సరుగుడు వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి చెట్టునకును, రాలిన యాకుద్వారా నేలకును చేర్చును. నరికిన సరుగుడు మోడు చక్కగా చిగిర్పదు గావున, తోట తానే పలుచనై యితరములకు చోటిచ్చును. నీలగిరి యట్లు గాదు. దాని మోడు నరికినకొలది పిలకలు వేయును. పిలకలను ఏటికి రెండు మూడు మారులు విరిచివేయనిదే అది తొలగదు. రాలిన సరుగుడాకు దట్టముగా పరచుకొన్నచో గింజ నేలనంటక యెండిపోవును. పొయ్యికొరకు ఆకు నూడ్చుకొనిపోవు స్త్రీలు తెలియకయే ఆ గింజలకు మేలు చేయుచున్నారు. అయినను అదేచోట ఏటేట నూడ్చినచో మొలకయు చీపురుతోడనే పోవును.

తమిళనాడున పళని కొండలమీద నాటిన నీలగిరి, పైను, వాటిల్ తోటల క్రింద అచ్చటి షోలా యడవి చెట్లు తమంతట మొలచినవి. పరదేశపు చెట్ల నన్నిటిని నొక్కమారు కొట్టివేయవలెనని కొందరును, అట్లు కొట్టిన లేత యడవియు నశించునని కొందరును వాదించిరి. అచ్చట చాల తోటలు పూర్వము గడ్డినేలలుగా నుండెను గనుక ఆ వాదమునకు రెండు ప్రక్కల బలము కలదు. మన గరువులలో చాలవరకు పూర్వ ముండినది డొంకయే. ఇపుడు తిరిగి వచ్చుచున్నదియు అదియే.

ఇట్టి నేలను మరల సాగునకు తేదలచిన రైతు మొదట జె.సి.బి.ని పిలుచును. రెండు దినములలో అంతయు చదునగును. మరుసటి వర్షాకాలమున పైమన్ను గెడ్డలో కలియును. ఒక్కమారుగా నీడ తీసినచోట లాంటానా కంప ప్రబలుననుట మనము చూచినదే. దానికంటె, అడవిమొక్క మనిషియెత్తు లేచినచోట దాని మీది సరుగుడును మాత్రము కొట్టి, వాసములుగా అమ్ముకొని, తక్కినదానిని మరుసటి యేటికి ఉంచుట మేలు. మాఘమాసము దాటకముందే తోటచుట్టు ఆకు నూడ్చి నిప్పుబాట తీయవలెను. ఎండిన నీలగిరియాకు నంటుకొన్న అగ్ని పదేండ్ల మొక్కల నొక్క పూటలో హరించును.

దీనివలన అధిక ధనము వచ్చునని నేను చెప్పజాలను. ఒక్క యెకరమే గలవాని నట్లు చేయుమనుట న్యాయమును గాదు. గోస్తనీ నదిలోనికి దిగు గెడ్డల గట్లను, కొండవాలునుగల నేలలో కొంత విడువగల రైతులనే నే నడుగుచున్నాను. పండు, పుల్ల, మేకకు మేత, ఎండలో పశువునకు నీడ, గట్టు కోసికొనిపోకుండుట, ఇవియే లాభములు.

ఇక నొక చిక్కు కలదు. చెట్టు కొట్టుటకు 2002 నాటి వాల్టా చట్టము అనుమతి గోరుచున్నది. సరుగుడు, నీలగిరి, సుబాబుల్ వంటివానికి మినహాయింపు కలదు. చట్టము మంచి యుద్దేశముతో పుట్టినదే. అయినను పొలములో తనంతట మొలచిన యడవిమొక్క పెరిగి పెద్దదైన తరువాత దానికొరకు కచేరీచుట్టు తిరుగవలసివచ్చునన్న భయమున, జానెడున్నప్పుడే దానిని పెరికివేయు రైతును మనము తప్పుపట్టగలమా? అట్టి నేలలోని మొక్కల వివరమును రైతు ముందుగానే వ్రాయించుకొనుటకు వీలుండవలెను. ఆ వ్రాతను జూపినచో, పిదప వలసిన చెట్టును కొట్టుకొనుటకు అనుమతి జాప్యములేక దొరకవలెను. ఇట్లు కోరుచు మన సంఘము రాబోవు సర్వసభ్య సమావేశమున తీర్మానము చేసి తహశీల్దారువారికి పంపవలెనని నా ప్రతిపాదన. తోట తిరిగి వేయుటకు అప్పిచ్చునపుడును, నేల నంతయు చదును చేయవలెనను షరతు పెట్టక, గెడ్డగట్టును విడిచిన సభ్యునికి అప్పు తగ్గింపకుండ నుండవలెను.