పక్కన పనిచేసిన మనిషి

బొగ్గు గనుల ఊళ్లలో ఇద్దరు రిటైరైన కార్మికులు చాయ్ హోటల్లో కలిస్తే ఇంటి సంగతులు రెండు ముక్కల్లో అయిపోతాయి. ఆ తర్వాత మాటంతా బాయిలోకే, అంటే గనిలోకే, దిగుతుంది. ఏ షిఫ్టులో కప్పు కూలింది, ముందుగా ఎవరు కేకేశారు, ఎవరి టిఫిన్‌లో ఏ కూర ఉండేది.

అలాంటి ఊళ్లే గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్. 2016లో కొత్త జిల్లాలు వచ్చి ఇవి పెద్దపల్లి, మంచిర్యాలలోకి వెళ్లాయి గానీ, పాతవాళ్లకు ఇప్పటికీ కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్లే.

యంత్రాలు రాకముందు, తట్టా పారలతో పనిచేసిన తట్టాచెమ్మస్ కాలంలో, బొగ్గు నింపే ఫిల్లర్‌కు తలెత్తి చూసే తీరిక ఉండేది కాదు. టింబర్‌మన్ కర్రలు సరిగ్గా నిలబెట్టాడన్న నమ్మకంతోనే వంగి పనిచేసేవాడు. కప్పును కర్రతో తట్టి చప్పుడు వినేవారు. గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైంది డొల్లగా పలుకుతుంది. అలా విన్న చెవి మీద అందరి ప్రాణాలూ ఆధారపడేవి.

వాళ్లంతా దోస్తులేం కాదు. ఊళ్లు వేరు, యూనియన్లు వేరు, ఒక్కోసారి మాటలుండవు కూడా. అయినా మాటలు లేని మనిషి నిలబెట్టిన కర్రల కిందే నిశ్చింతగా కూర్చుని సద్ది తినేవారు. నాకు ఇదెంతో గొప్పగా తోస్తుంది. దోస్తును మనమే ఎంచుకుంటాం. పక్కన పనిచేసేవాణ్ని మస్టరు ఎంచుతుంది. అతని మనసేమిటో తెలియకపోయినా, పని చూసి నమ్ముతాం.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. పరామర్శకు వచ్చేవాళ్లు ఎవరైనా చనిపోయినవాళ్ల ఇళ్లకే పోతారు. అది న్యాయమే. కానీ వాళ్లతో ఏళ్లతరబడి ఒకే షిఫ్టు చేసినవాళ్ల దుఃఖం ఏ చుట్టరికం లెక్కలోకీ రాదు. మళ్లీ బాయిలోకి దిగాల్సింది మాత్రం వాళ్లే.

మనలో చాలామంది పనులు ఇంత ప్రాణాల మీదివి కావు. నమ్మకం మాత్రం అదే. కండక్టర్ ‘రైట్’ అన్నాక డ్రైవర్ వెనక్కి తిరిగి చూడడు. మనం సెలవు పెట్టిన రోజు మన బల్ల మీది పని తానే ముగించి, తిరిగొచ్చాక ఆ మాటే ఎత్తని మనిషి ఏ ఆఫీసులోనైనా ఒకరుంటారు.

అలాంటి మనిషి రిటైరైతే శాలువా కప్పి, దండ వేసి సాగనంపుతాం. నంబరు మన ఫోన్లోనే ఉంటుంది, చేయం. ఈ ఆదివారం ఒకసారి చేయండి.