మన కష్టానికి మన పాట ఏది?

ఈసారి పాటల గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. కొందరికి నచ్చకపోవచ్చు, అయినా ముందే చెప్పేస్తాను. ఆస్ట్రేలియాలో తెలుగు నేర్చుకుంటున్న మనం కీర్తనలతో పాటు గల్లీ పాటలు కూడా వినాలి. అంతకంటే ముఖ్యంగా, మన పాటలు మనమే కట్టుకోవాలి.

2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ స్టెప్పు ఇక్కడ పుట్టిన పిల్లలకు కూడా వచ్చు. పాట రాసింది చంద్రబోస్ గారు, సంగీతం కీరవాణి గారు. ఆ రోజు ఆస్కార్ వేదిక మీద పాడింది ఇద్దరు: కాలభైరవ, రాహుల్ సిప్లిగంజ్. నేను రాహుల్ గురించి చెప్పాలనుకుంటున్నాను.

రాహుల్ హైదరాబాద్ పాతబస్తీ కుర్రాడు. వాళ్ళ నాన్నగారిది సెలూన్, అంటే జుట్టు కత్తిరించే షాపు. రాహుల్ కూడా అక్కడ పనిలో సాయం చేసేవాడు. పాట మీద ఇష్టం చూసి ఇంట్లో వాళ్ళు సంగీతం నేర్పించారు. గజల్ గాయకుడు పండిట్ విఠల్ రావు గారు ఆయన గురువు. 2009లో ‘జోష్’ సినిమాలో పాడే అవకాశం వచ్చింది. కానీ సినిమా వాళ్ళు మళ్ళీ ఎప్పుడు పిలుస్తారా అని రాహుల్ ఎదురుచూస్తూ కూర్చోలేదు. సొంతంగా పాటలు చేసి, వీడియోలు తీసి, యూట్యూబ్‌లో పెట్టాడు. ‘మంగమ్మ’, ‘పూర్ బాయ్’, ‘దావత్’, ‘గల్లీ కా గణేష్’ అలా వచ్చినవే. ఇలాంటి వాటినే ఇండిపెండెంట్ పాటలు అంటారు. వాటి వెనుక సినిమా ఉండదు, హీరో ఉండడు. పాట నచ్చితేనే జనం వింటారు.

ఇక్కడ కొందరు పెద్దవాళ్ళు నాతో అంటారు, “అది మంచి తెలుగు కాదండీ, పిల్లలు చెడిపోతారు” అని. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. రాహుల్ పాటల్లో కొన్ని నేను కూడా చిన్న పిల్లలకు వినిపించను. కానీ ‘మంచి తెలుగు కాదు’ అనే మాట నేను ఒప్పుకోను. గల్లీ అంటే సందు. దావత్ అంటే విందు. హైదరాబాద్‌లో లక్షల మంది రోజూ మాట్లాడే మాటలు ఇవి. నాలాగా ఇంగ్లీష్ మీడియంలో చదివి, పుస్తకం చూసి తెలుగు నేర్చుకునేవాళ్ళకు ఈ మాటలు పుస్తకంలో దొరకవు. పాటలో దొరుకుతాయి.

తెలంగాణలో ఒక మంచి మాట ఉంది: పాట ‘కైగట్టడం’. అంటే పాటను అల్లడం, తయారు చేయడం. పొలంలో పని చేసేవాళ్ళు, చదువు రాని వాళ్ళు కూడా పాట కైగడతారు. అంటే పాట కట్టడానికి పెద్ద భాష అక్కర్లేదు. చెప్పాల్సిన విషయం ఉంటే చాలు.

“గుడిలో ఇలాంటివి ఎందుకు?” అని ఇంకొక ప్రశ్న. గుడిలో సేవ చేసేవాడిగా దీనికి నా జవాబు రామదాసు. కంచర్ల గోపన్న గారు గోల్కొండ సుల్తాను తానీషా కాలంలో తహసీల్దారు. ప్రభుత్వ డబ్బుతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించారని గోల్కొండ కోటలో ఖైదు చేశారు. 12 ఏళ్ళు జైలులో ఉన్నారని చెబుతారు. ఆ జైలు కష్టం నుంచే ఆయన కీర్తనలు చాలా వచ్చాయని మన పెద్దలు చెబుతారు. వాటిలో ఒక దానిలో ఆయన రాముడికి నగల లెక్క చెబుతాడు, కోపంతో తిడతాడు, వెంటనే తిట్టినందుకు క్షమించమంటాడు. ఈ రోజు మనం ఆ పాటను చేతులు జోడించి పాడుతున్నాం. కాని అది పుట్టినప్పుడు ఒక ఖైదీ ఫిర్యాదు. రాహుల్, రామదాసు ఒకటే అని నేను అనడం లేదు. కష్టంలో ఉన్న మనిషి మామూలు మాటల్లో పాడితే అది గుడికి పనికిరాదు అనే మాట మాత్రం మన సంప్రదాయంలో లేదు.

ఇప్పుడు మనం ఉంటున్న దేశం చూడండి. ఆర్చీ రోచ్ అనే ఆదివాసీ గాయకుడిని చిన్నప్పుడే ప్రభుత్వం తల్లిదండ్రుల నుంచి తీసుకుపోయింది. అలా తీసుకుపోయిన పిల్లలను ఇక్కడ ‘స్టోలెన్ జెనరేషన్స్’ అంటారు. పెద్దయ్యాక ఆయన కొంతకాలం వీధుల్లో బతికాడు. తర్వాత ఆ కథనే ‘టుక్ ద చిల్డ్రన్ అవే’ అనే పాటగా కట్టాడు. అది 1990లో రికార్డుగా వచ్చింది. ఆ పిల్లల గురించి ప్రభుత్వ విచారణ నివేదిక వచ్చింది 1997లో. ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. అంటే పాట ముందు వచ్చింది, క్షమాపణ 18 ఏళ్ళ తర్వాత వచ్చింది. ఆ పిల్లల్లో చాలా మందికి తల్లి భాష కూడా లేకుండా పోయింది. మన భాషను ఎవరూ లాక్కోలేదు. మనమే వదిలేస్తున్నాం. ఈ తేడా నన్ను చాలా ఆలోచింపజేస్తుంది.

మరి మన కష్టం ఎక్కడుంది అంటారా? శనివారం గుడిలో ప్రసాదం వడ్డించేటప్పుడు నేను వింటూ ఉంటాను. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు పులిహోర తింటూ మాట్లాడుకుంటారు. 2023 జులై నుంచి స్టూడెంట్ వీసా వాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చేయాలి. ఆ జీతంతో అద్దె కట్టాలి. రాత్రి పెట్రోల్ బంకులో డ్యూటీ, పొద్దున క్లాసు. ఇంటికి ఫోన్ చేసి “బాగానే ఉన్నానమ్మా” అని చెప్పాలి. అది చాలా పెద్ద పాట. ఎవరూ కట్టలేదు, లేదా కట్టినా మన దాకా రాలేదు. మన సంక్రాంతి, ఉగాది కార్యక్రమాల్లో ఇరవై సినిమా పాటలకు డాన్సులు ఉంటాయి. ఆస్ట్రేలియాలో ఒక తెలుగు మనిషి ఎలా బతుకుతున్నాడో చెప్పే పాట ఒక్కటి కూడా ఉండదు.

ఇంకొక మాట. ఆస్కార్ వచ్చాక అందరం “మన రాహుల్” అన్నాం. సెలూన్ కథ చెప్పి పిల్లలకు “చూడు, కష్టపడితే పైకి వస్తావు” అన్నాం. నాకు ఆ పద్ధతి అంత ఇష్టం లేదు. పైకి రాని వాళ్ళు కూడా కష్టపడ్డారు. గాయకుడి పేదరికాన్ని మెచ్చుకోవడం సులభం. అతని పాటను ఆస్కార్ కంటే ముందు వినడం, టికెట్ కొనడం, స్టేజి ఇవ్వడం కష్టం. నిజమైన గౌరవం అదే.

అందుకే నేను అడిగేది చిన్నది. మన గుడుల్లో, సంఘాల్లో పండుగ కార్యక్రమం పెట్టినప్పుడు పది నిమిషాలు సొంత పాటకు ఇవ్వండి. గిటారు అయినా సరే, డప్పు అయినా సరే. ఒత్తులు, దీర్ఘాలు తప్పినా పర్వాలేదు. తెలుగు కొంచెం, ఇంగ్లీష్ కొంచెం కలిసినా పర్వాలేదు. ఇది చదువుతున్న మీరు కూడా ఈ వారం నాలుగు లైన్లు రాయండి. రైలు గురించి, అద్దె గురించి, అమ్మమ్మతో వీడియో కాల్‌లో మాట దొరకక ఆగిపోయిన నిమిషం గురించి. పెద్ద మాటలు వెతకకండి. మీకు వచ్చిన మాటలతోనే కట్టండి. రాసి నాకు పంపిస్తే సంతోషంగా చదువుతాను.